మిస్డ్ కాల్ దరువు

గజపతినగరం రైల్వేగేటు పక్కన
నాలుగడుగుల దుకాణం నాది.
రీఛార్జీలు, ఫోను అద్దాలు, చెవిలో పెట్టుకునే తీగలు,
కరెంటుంటే జిరాక్సు కూడా.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం
తొమ్మండుగురు ఒకేసారి వచ్చి నిలబడ్డారు.
తప్పెటగుళ్ల జట్టు.
మారిషస్‌లో తెలుగువాళ్ల పండగట,
పిలుపొచ్చింది, టిక్కెట్లొచ్చాయి,
పాస్‌పోర్టుల మీద తొలి ముద్ర ఇంకా పడలేదు.

"ఆ దేశంలో ఫోను మాటాడితే
ఎకరం అమ్ముకోవాలంట గదా బాబూ?"
అన్నాడు గురువు కోరాడ అసిరప్పడు.

నేను బొబ్బిలి దాటి పోయినవాణ్ణి కాదు.
కానీ దుబాయ్ వెల్డర్లు, సింగపూర్ రిగ్గర్లు
ఈ బల్లమీద మోచేతులాన్చి చెప్పిపోయిన విద్యంతా
నాకు కంఠతా.

విమానం ఎక్కకముందే డేటా రోమింగ్ ఆపేయండి,
అది చిల్లుపడ్డ గోనె,
గింజ రాలిన చప్పుడు వినపడదు.
మన సిమ్ము పారేయకండి,
బ్యాంకు మెసేజీ కోసం దాన్నలా నిద్రపోనివ్వండి.
దిగాక అక్కడి సిమ్ము కొనండి, తొమ్మిది కాదు, ఒక్కటి.
గవరయ్య ఫోన్లో వేసి హాట్‌స్పాట్ పెడితే
మిగతావాళ్లు చుట్టూ చేరొచ్చు
చలిమంట కాగినట్టు.
బసలో వైఫై ఉంటే అదీ అక్కర్లేదు,
రాత్రే మాటలు వాయిస్‌లో నింపుకుని
పొద్దున్న దొరికినచోట వదలండి.
వీడియోల జోలికి పోకండి,
రాములప్పడూ, నీకే చెబుతున్నా.

నవ్వుకుంటూ వెళ్లారు.
సూరప్పడు ఒక్కడే ఆగాడు.
"మా సన్నెమ్మది బటన్ల ఫోను. దానికివేవీ రావు గదా?"

రావు. మిస్డ్ కాలివ్వు,
ఎత్తకపోతే పైసా పడదు, అన్నాను.
అక్కడితో నా విద్య అయిపోయింది.

రెండు వారాలకి సన్నెమ్మ వచ్చింది.
ఫోను బల్లమీద పెట్టి
పాముకి జరిగినంత దూరం జరిగింది.
"మూడ్రోజులుగా ఏదో పాడు నంబరు బాబూ,
ముందు కూడిక గుర్తు, దానెనక రెండు, మూడు, సున్నా.
ఎత్తీలోపే ఆగిపోతంది.
అలగ తెలీనివి ఎత్తితే డబ్బులు లాగీసుకుంటారని
డ్వాక్రా మీటింగులో సెప్పినారు.
ఆపీ."

దుబాయ్ కోడు తెలుసు నాకు, సింగపూర్‌ది తెలుసు,
కువైట్‌ది నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
ఇది తెలీలేదు.
ఆపడానికే బటన్ మీద వేలుపెట్టాను.

మోగింది. ఒకటి, ఆగింది.
మళ్లీ ఒకటి, ఆగింది.
కాస్త ఎడమిచ్చి మూడు.
ఆగింది.

"ఉండు," అంది, నా మణికట్టు పట్టుకుని.

గేటు పడింది. గూడ్సు పోయింది, ఎన్ని పెట్టెలో.
ఆ రొద తగ్గాక
మళ్లీ ఒకటి. ఒకటి. మూడు.

ఆమె కుడిచెయ్యి తనకు తెలీకుండానే
ఎదమీదికి పోయింది,
అతను తప్పెట కట్టుకునే చోటికి.
తా.
తా.
తకిట.

"మావోడే," అంది.
"గొర్రెల్ని ఇంటికి మలిపీటప్పుడు గట్టుమీద కొడతాడిది.
లెక్క సరిపోనాది, ఒక్కటీ తప్పిపోలేదు అనీసి.
గొర్రెలకి తెలుస్తాది,
నాకు మూడ్రోజులు పట్టింది సూడు."

తిరిగి చేయమంటావా అని, నిమిషానికెంతో చెప్పాను.
చేత్తోనే వద్దంది.
ఫోను కొంగులో ముడేసుకుని
"ఎంతివ్వాలి?" అని అడిగింది.
ఏం చేశానని తీసుకోను?

ఇప్పుడు నా బల్ల అద్దం కింద
దేశాల కోడ్ల చీటీ ఒకటుంది.
రెండు, మూడు, సున్నా పక్కన
దేశం పేరు రాయలేదు.
తా, తా, తకిట అని రాసుకున్నాను.