సగం ట్యాంకు

మంచు దిగకముందే పని ముగిద్దామని
నారిన్ శివార్లలో, గడ్డివాము పక్కన
నాన్న ఉవాజ్ జీపు కిందికి దూరాను.
ఎనభై నాలుగు నాటి బండి,
నాకంటే రెండేళ్లు పెద్దది.

ఎడమవైపు మూత దగ్గర ఎక్కడో కారేది.
ఎక్కడో మాత్రం ఎవరికీ తెలీదు.
రొట్టెకి పెట్రోలు వాసన,
అమ్మ తలగుడ్డకి, నా లెక్కల పుస్తకానికి,
అర్ధరాత్రి ఈనలేక అరిచే ఆవుల దగ్గరికి
నాన్న మోసుకెళ్లే మందుల సంచికి.
మాకది వాసనలా ఉండేది కాదు.
నాన్న వచ్చాడనుకునేవాళ్లం, అంతే.

బంకు దగ్గర ఆయనది ఒకటే మాట:
"సగం చాలు."
పిల్లలం దాన్ని సామెత చేసుకున్నాం.
అన్నయ్య ఎర్మెక్ పరీక్షల్లో
సగం మార్కులు తెచ్చి "సగం చాలు" అన్నాడు,
చెంప వాచింది, అది వేరే సంగతి.
మా వైపు అతిథికి టీ గిన్నెలో సగమే పోస్తాం,
నిండా పోస్తే ఇక బయల్దేరమని.
మీ నాన్న బండికి కూడా
ఆ మర్యాదే చేస్తాడర్రా అనేది నాయనమ్మ.
నమ్మాం. బంధువులకి చెప్పాం.
నేనైతే బడిలో వ్యాసం రాశాను.

ఇవాళ ఆయనకి చెప్పకుండా
డబ్బాతో గొంతుదాకా పోశాను.
కుడి చక్రాలు పలకలెక్కించి
బండిని ఎడమకి ఒరగబెట్టాను.
కూతురి సంచిలోంచి సుద్దముక్క తీసి
మూత చుట్టూ, గొట్టం పొడవునా,
క్లిప్పుల సందుల్లో తెల్లగా పూసి
ఒక గిన్నె టీ తాగేంతసేపు ఊరుకున్నాను.

తోల్కున్ మేస్త్రీ ట్యాంకే మార్చాలన్నాడు.
ట్యాంకు పొడిగా ఉంది.
పై క్లిప్పు కింద, చెయ్యి మాత్రమే వెళ్లేచోట,
తెలుపు మీద నల్లగా
ఒక దారప్పోగు దిగుతోంది.

బ్యాటరీ తీగ విప్పి, పెట్రోలు తోడేసి,
తుప్పు తిన్న క్లిప్పుతో
వేలి చర్మం ఇచ్చి బేరం కుదుర్చుకున్నాను.
రబ్బరు గొట్టం ఊడొచ్చింది.
పైనుంచి చూస్తే బుద్ధిమంతురాలు,
వంచితే అడుగున
చలికాలపు మడమలా నోళ్లు తెరిచింది.

కొత్తది బిష్కెక్ నుంచి తెప్పించాను.
నీళ్ల గొట్టం పనికిరాదు,
పెట్రోలు తాగి నానిన రొట్టెలా ఉబ్బుతుంది.
ఇనుప మెడని గరుకు కాగితంతో రుద్ది,
పాలందని దూడని పొదుగుకి పట్టినట్టు
ఒకచేత్తో తోసి, ఒకచేత్తో బుజ్జగించి ఎక్కించాను.
మర తలలు కిందికి పెట్టాను,
మళ్లీ దూరేవాళ్లకి అందాలి కదా.

అప్పుడు కనిపించాయి నాన్న బూట్లు.
పెదాల మీద సిగరెట్టు, వెలిగించకుండా.
"గొట్టమే నాన్నా, ట్యాంకు కాదు."
"తెలుసు."
"ఎప్పట్నుంచి?"
"తొంభై మూడు నుంచి.
గొట్టానికి గొర్రెనడిగారు ఆ ఏడు.
మనకున్నవి రెండే."
"మరి ఆ తర్వాత?"
సిగరెట్టు తీసి జేబులో పెట్టుకున్నాడు.
"తర్వాత మీరంతా
అంత గొప్పగా చెప్పుకుంటుంటే
ఎలా బాగుచేయించను, బెగిమై?"

నిండు ట్యాంకుతో దొలోన్ కనుమ ఎక్కాం.
కుడి మలుపు వచ్చినప్పుడల్లా
ఆయన ముక్కు కిటికీ వైపు తిరుగుతోంది.
పైన ఆపి, దిగి, చుట్టూ వెళ్లి,
గొట్టం కింద వేలు రాసి
నాకు తెచ్చి చూపించాడు.
దుమ్ము.
కాసేపు ఆ దుమ్మునే చూశాం ఇద్దరం.

పాత గొట్టం పారెయ్యనివ్వలేదు.
గుర్రపు జీను పక్కన మేకుకి వేలాడుతోంది.

పై ఆదివారం పశువుల సంత నుంచి వచ్చాడు.
మేం లోపల బంగాళాదుంపలు ఒలుస్తున్నాం.
ఎవరూ తలెత్తలేదు.
గడప దగ్గర చాలాసేపు నిలబడి ఉంటాడు,
చివరికి దగ్గాడు.