పో అంటే పొమ్మని కాదు

కోరుట్లల, మా ఇంటి ముంగట,
చాటల తునికాకు కత్తిరించుకుంట
స్రవంతి అడిగింది:
"గంగామణి చిన్నమ్మా, ఫోన్ల నువ్వు మాట్లాడేది ఏం భాష?
దానితోని నౌకరస్తదా?"

రాదు బిడ్డా.
కువైటుల ఏడేండ్లున్న.
అరబ్బీ నేర్సిన, తిట్లు సమజయ్యేటందుకు.
హిందీ నేర్సిన, డ్రైవరుకు కూరగాయలు చెప్పేటందుకు.
ఈ తగాలోగు ఒక్కటే
ఎవ్వలూ నేర్వుమనకుంటనే నేర్సుకున్న.

వంటింటెనుక అర్ర.
మంచం మీద మంచం. పైది లిగాయది.
నేను దిగిన రాత్రి నీళ్ల సీసా చేతికిచ్చి
ఏందో అన్నది, ఆఖరుకు "పో" అన్నది.
నేను పోయిన.
గుసల్ఖానల కూసోని ఏడ్సిన.
నెల దాటినంక తెలిసింది,
వాళ్ల పో అంటే పొమ్మని కాదు,
మనోళ్ల "అండి" అసొంటిదని.
నన్ను అండి అన్నోళ్లు
అప్పటిదాంక బ్యాంకుల గూడ లేరు.

"అతే" అని పిలిచేది.
నాకు అత్త అని ఇనవడి గుండె జల్లుమనేది.
మా అత్త సంగతి నీకెర్కనే గదా.
అతే అంటే అక్కనట.

మేడమ్‌కు బస్తలున్నా, పళ్లెంల ఉన్నా ఒకటే మాట.
లిగాయ నాయిన నాట్లేసే మనిషి.
పొలంల ఉంటే పాలాయ్,
బస్తల ఉంటే బిగాస్,
ఉడికితే కానిన్.
నేను ఏళ్లు మడిసిన:
వడ్లు, బియ్యం, బువ్వ.
లెక్క సరిపోయింది.
మేం నవ్విన నవ్వుకు మేడమ్ లేసచ్చి లైటేసింది.

ఇంకోటున్నది.
నీ ఇంగ్లీషు పుస్తకంల
మనమన్నా మేమన్నా ఒక్కటేనట గదా?
లిగాయకు రెండు.
కామి అంటే మేము. తాయొ అంటే మనం.
చానా దినాలు కామియే నడిసింది:
మేము చేపను ఇట్ల వండుతం,
మేము శుక్రారం చర్చికి పోతం.
ఆ మాటకు నేను గడప అవుతల.

ఒకనాడు ఉంగురం పోయింది.
ఇద్దరినీ గోడకు నిలవెట్టిండ్రు.
లిగాయ పెదవులు కదలకుంట
నాకు ఏందో చెప్పింది, గబగబ, తన భాషల.
అండ్ల నాకు దొరికింది ఒక్కటే మాట.
తాయొ.

ఉంగురం పిండి డబ్బల ఎల్లింది.
తప్పయిందని ఎవ్వలూ అనలే.
లిగాయ పిండి జల్లెడ పట్టింది, నేను పిసికిన.

ఇగో, మోగుతాంది సూడు.
ఫస్టు అడిగేది గదే,
కుమాయిన్ క న బా, తిన్నవా అని.
చింతపులుసు అని చెప్త.
వాళ్లు గూడ చింతకాయేసి చారు పెడ్తరు,
పుల్లగున్నదా అని మల్ల అడుగుతది.

కత్తెర ఆడవెట్టి ఇటు రా,
నువ్వు గూడ ఒక మాట మాట్లాడు.
నీకంటే పెద్దది, ఆఖరుకు
పో అనుడు మర్వకు.