మాట కింద

నలభై ఏళ్ళు పెళ్ళికొడుకుల ముందు ఊదాను క్లారినెట్టు.
బాణాసంచా మింగెయ్యకుండా గొంతెత్తి ఊదడం,
గుర్రం మొరాయిస్తే పాట మార్చడం,
నాకు తెలిసిన విద్య అంతే.
ఎర్ర కోటు, ఇత్తడి గుండీలు, చంక కింద చిరుగు.
బ్యాండుకి వినేవాడు ఉండడు,
ఎగిరేవాడు ఉంటాడు.

"నాగూర్‌వలీ మామా, ఈసారి మాట కింద వాయించాలి"
అన్నాడు తబలా కుర్రాడు ప్రభుదాసు.
కింద అంటే?
"ఆమె కవిత చదువుద్ది. నువ్వు ఉండాలి, కనపడకూడదు."
కనపడకుండా ఉండటానికి
ఐదొందలు, ఆటో ఖర్చులు.

ఆమె పేరు సువార్త.
మిర్చి యార్డులో తొడిమలు తీసిన చేతులు.
గోళ్ళ సందున ఇంకా తేజ రంగు.
కాగితం అందుకుని చూడబోతే
నా ముక్కే ముందు చదివింది.

రిహార్సల్లో పల్లవి కోసం కాచుకు కూర్చున్నా.
తిరిగొస్తుంది, అక్కడ పట్టుకుందాం అని.
రాలేదు.
ఆమె మాట ఒకసారి పోతే పోయినట్టే,
చుట్టుగుంట దాటిన లారీలాగా.
"ఎక్కడ కలవాలమ్మా నేను?"
"కలవొద్దులే బాబాయ్, పక్కన నడువు."

బ్రాడీపేట నాలుగో లైను, ట్యూషన్ సెంటరు మేడ.
ప్లాస్టిక్ కుర్చీల్లో ఓ అరవై మంది.
వెనక బోర్డు మీద సగం చెరిపిన లెక్క.
కింద టిఫిన్ బండి దగ్గర గ్రైండరు,
దాని శ్రుతి నా శ్రుతికి ఓ గీత ఎక్కువ.

మొదలుపెట్టింది:
"టిక్కీకి నలభై కిలోలని రాశారు.
అందులో మా అమ్మ తుమ్ములు ఎన్ని కిలోలు?"

మంద్రంలో ఒకే స్వరం పట్టుకున్నా,
నిద్రపోయే బిడ్డ వీపు మీద చెయ్యి ఉంచినట్టు.
నిమరకూడదు, తియ్యకూడదు.
ఇంత తక్కువ ఊదడానికి
ఇంత ఊపిరి కావాలని
ఈ వయసులో తెలిసింది.

"కోల్డ్ స్టోరేజీ తలుపు మూసేశాక
లోపల..."
అక్కడ వచ్చింది దగ్గు.

చిన్న దగ్గు కాదు. యార్డు దగ్గు.
పొట్టలోంచి గోనెసంచి ఈడ్చినట్టు.
ఒకాయన మంచినీళ్ళ సీసాతో లేచాడు.
వెనక ఎవరో జాలిగా చప్పట్లు మొదలెట్టారు.
వద్దు, అని చెయ్యి ఊపింది.

నా వేళ్ళు ఉరికాయి అలవాటుగా.
గుర్రం ఆగినప్పుడు పెద్ద పాట ఎత్తుకో,
జనం మర్చిపోతారు, ఊరేగింపు కదులుద్ది.
మొదటి స్వరం పెదాల దాకా వచ్చింది.
మింగేశాను.

అప్పుడు ప్రభుదాసు ఎడంచెయ్యి
ఆ దగ్గుని డగ్గా మీదకి తీసుకుంది.
రెండు పొట్టివి, ఒకటి పొడుగు.
మళ్ళీ రెండు పొట్టివి.
నేను పీకని పెదాల మధ్య వదులు చేసి
ఉత్త గాలి ఊదాను.
స్వరం లేదు. గొట్టంలో పిల్లికూతలు.
నలభై ఏళ్ళ టపాకాయల పొగ
నా రొమ్ములోంచి వచ్చి ఆమె పక్కన నుంచుంది.

జనం అది కవితలోదే అనుకున్నారు.
నీళ్ళ సీసా ఆయన కూర్చున్నాడు.

రెండు దగ్గుల నడుమ నా వంక చూసి
నవ్వింది సువార్త. అప్పుడు చెప్పింది, చాలా నెమ్మదిగా:
"లోపల చలికి కాయ ఎరుపు నిలబడుద్ది.
బయట మేం వెలిసిపోతాం."

గ్రైండరు కూడా ఆగినట్టుంది అప్పుడు.
లేక నాకే వినపడలేదో.

అయ్యాక పిల్లలంతా ఆమె చుట్టూ మూగారు.
నేను పీక తుడుచుకుని డబ్బాలో పెట్టుకున్నా.
"ఆ గాలి ఎక్కడ నేర్చావు మామా?"
ప్రభుదాసు అడిగాడు. ఆటో కోసం చూస్తున్నా, చెప్పలేదు.

మర్నాడు కొత్తపేటలో పెళ్ళి.
అదే కోటు, అదే గుర్రం.
నాజ్ సెంటర్ మలుపులో, ఎందుకో,
పాట నడిమధ్యలో ఊపిరి తగ్గించాను.
డ్రమ్ములవాళ్ళు బిత్తరపోయి ఆగారు.
"ఏంటయ్యా, బాజా చెడిందా?" పెళ్ళికొడుకు మేనమామ అరిచాడు.

చెడలేదు.
ఎవరైనా ఏదైనా చెబుతారేమోనని
కాస్త చోటు వదిలాను.
గుర్రం డెక్కలు వినపడ్డాయి.