తూర్పు హద్దు

పర్లాకిమిడి కోర్టు వెనక
జిరాక్సు కొట్టు మేడమీద నా ఆఫీసు.
కిటికీ తీస్తే కచేరీ గోడ, మూస్తే ఉక్క.
మొన్న మాఘంలో స్కానరు కొన్నాను,
వాయిదాల మీద.
దండాసి నవ్వాడు:
"మనకి వాయిదాలు కొత్తేటమ్మా!"

దండాసి మా సీనియరుగారి నాటి గుమాస్తా.
కట్టల్ని ముడిని బట్టి గుర్తుపడతాడు:
ఎర్రదారం రెండు ముళ్ళయితే పంపకాల దావా,
ఒకటయితే చెక్కు కేసు,
విప్పలేనిదైతే భూమి.
స్కానరు వెలుగు కాగితం కింద పాకుతుంటే
పెరట్లో పాముని చూసినట్టు చూశాడు.

ఒనొంతిది విప్పలేని ముడి.
గుమ్మ అవతల కొండ దిగి
చీకటుండగానే జీపెక్కి వస్తుంది సవర ముసల్ది.
వచ్చేసరికి
జడ్జిగారు సెలవు, లేదా ప్లీడర్ల బహిష్కరణ,
ఒకసారి ఉత్తినే కరెంటు లేదు.
పదకొండు వాయిదాలని నా డైరీ లెక్క.
ఆమె లెక్కలో రెండు మేకలు.

ఆమె కాగితం ఈ రాష్ట్రం కంటే వయసులో పెద్దది.
జమీ నాటి తెలుగు, గొలుసుకట్టు రాత,
మడత తాకితే అటుకుల్లా రాలుతుంది.
జడ్జిగారికి తెలుగు రాదు,
ఒనొంతికి ఏ అక్షరమూ రాదు,
తెలుగుదాన్నే అయిన నాకు ఆ గొలుసు విప్పడం రాదు.

ఊపిరి బిగబట్టి గాజు మీద పరిచాను.
తెర మీద పెద్దది చేస్తే
చెదలు వదిలేసిన అంచున ఒక వరస కనిపించింది.
అక్షరాలు చదివిపెట్టే యంత్రానికి అప్పగించాను.
తడుముకోకుండా చెప్పింది:
"తూర్పు హద్దు జిల్లా."

ఒక మడి చెక్కకి జిల్లా హద్దేమిటి?
దండాసి కళ్ళద్దాలు నుదుటికి నెట్టి
చుట్టకంపు కొడుతూ వంగి
తెర మీద వేలు ఆన్చి, మరక చేసి, చదివాడు:
"జిల్లా కాదమ్మా, జీలుగు.
జీలుగు సెట్టు. కల్లు గీస్తారు కాదేటి, అది."

నవ్వబోయి ఆగాను.
యంత్రం మరీ అబద్ధమాడలేదు.
ముప్పయ్యారులో ఈ ఊరికి జరిగిందీ అదే.
చెట్టు కదల్లేదు,
జిల్లా కదిలింది.

ఆ ఒక్క మాటకీ ఒడియా తర్జుమా జతచేసి దాఖలు చేశాను.
చెట్టు పడిపోయి ఇరవయ్యేళ్ళట, మొదలు ఉందట.
అక్షాంశ రేఖాంశాలతో సహా
ఆ మొదలుకి ఫోటో తీయించాను.
గెలుస్తామో లేదో తెలీదు.

ఇంకోటి చెప్పాలి.
మొన్న రాత్రి కోర్టు జాబితా ఫోనులో చూశాను.
జడ్జిగారు మళ్ళీ సెలవు.
రావద్దని మెసేజి పెట్టాను, ఒడియాలో, మర్యాదగా.
మర్నాడు ఎనిమిదికే మెట్ల మీద కూర్చుని ఉంది.
ఫోనుంది. మోగింది కూడా.
అక్షరాలే కొండెక్కిపోయాయి.

అప్పుడు దండాసికిచ్చాను ఫోను.
సంతలో చింతపండు బేరాలతో నేర్చిన సవర భాషలో
గొంతు సవరించుకుని, సభలో మాట్లాడినట్టు:
"రేపు రావద్దు. మేకని అమ్మొద్దు."
ఆరు సెకన్లు.

నిన్న, నిజంగా రావలసిన రోజున వచ్చింది.
కొంగులోంచి ఫోను తీసి
మా ఇద్దరి ముందూ ఆ ఆరు సెకన్లూ వినిపించింది.
మళ్ళీ వినిపించింది.
దండాసి ఎటో చూస్తూ
భుజం మీది తువ్వాలు తీసి
స్కానరు అద్దం తుడవసాగాడు.
తెర మీద, జీలుగు దగ్గర,
అతని వేలి మరక
నేనింకా తుడవలేదు.