వెన్ను

ముందు తల వంచు.
గుమ్మం ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు.
వంచనివాళ్ళ జుట్టూ నూనే
పైకమ్మి మీద నున్నటి నల్లమరక.

డెవన్‌లో, రెండు గుట్టల మడతలో
బోర్డు మీద కొడవలి బొమ్మ ఉన్న పబ్బు.
కొలవడానికొచ్చాను: టేపు, టార్చి, తడవని పుస్తకం.
గంటలోనే టేపు చేతులెత్తేసింది.
ఏ గోడకీ పక్కగోడతో పడదు.
వీధివైపుది మరీనూ,
భోంచేసి కూర్చున్న పెద్దమనిషిలా
పొట్ట ముందుకు తోసుకొచ్చింది.

ఎర్రమట్టి, గడ్డి, ఎద్దులు తొక్కిన బురద.
మూరెడు పెట్టి, ఆరనిచ్చి, మళ్ళీ మూరెడు.
"కాళ్ళకు జోళ్ళు, నెత్తిన టోపీ ఉంటే
మట్టిగోడ చావదు" అంటుంది హెస్టర్ యో.
జోళ్ళు చెకుముకిరాళ్ళ పునాది.
టోపీ ఆవిడ చేతిపని.
మోకాళ్ళకు తోలు, నోట్లో హేజెల్ బద్దలు,
మాట్లాడితే నిచ్చెన మీంచే.

"పాతదంతా పీకేస్తారా?"
"పైపొరే. అడుగుది ముట్టుకోం."
బొంత మీద బొంత కుట్టినట్టు
గడ్డి మీద గడ్డి.

అటకలోకి పాకాను.
పొగగొట్టం పుట్టకముందు
హాలు నడిమధ్య నేల మీదే మంట.
దారి తెలియని పొగ
చూరు పట్టుకు వేలాడింది వందేళ్ళో, ఇంకా ఎక్కువో.
వాసాలు కాటుక, కట్లు కాటుక,
ముట్టిన నా వేలు కాటుక.

ఒకే ఓక్ మానును నిలువునా చీల్చి
ఎదురెదురుగా నిలిపిన జోడుదూలాలు
నిట్టాడు లేకుండానే వెన్నుగాడిని మోస్తున్నాయి.
అతుకు అతుక్కీ వడ్రంగి గీతలు:
ఒకటి, రెండు, మూడు, ఐదు, నాలుగు.
ఆ సాయంత్రం ఎవరో తిట్లు తినే ఉంటారు.
కానిచోట దిగ్గొట్టిన కొయ్యమేకు
ఇప్పటికీ కాస్త వంకర.
రిపోర్టులో ఏమని రాయను, లోపమనా?

కింద గ్లాసులు కడుగుతూ డెన్‌జిల్ అరిచాడు,
"పడిపోదు కదా?"

జవాబివ్వలేదు.
టార్చి వెలుగులో, వెన్నుగాడి కింద
గడ్డిలో చిక్కుకుని ఒక వెన్ను.
రై గింజలు ఆరు, మసి పట్టి,
నూర్చినవాళ్ళ చెయ్యి తప్పించుకుని
పిచ్చుక్కీ దొరక్కుండా.
దీనికి నా ఫారంలో గడి లేదు.
తీసినచోటే పెట్టాను.

దిగి, ఆ ఆరు గింజల్నే తలుచుకుంటూ
వంచడం మరిచిపోయాను.
ఠంగుమంది.
హెస్టర్ పైనుంచి పడీ పడీ నవ్వింది,
నోట్లో బద్దలు జారిపోయేలా.

పైకమ్మి మరకలో
ఇప్పుడు నాదీ కాస్త కొబ్బరినూనె.