ఇరవై రెండో నిమిషం

డెల్మార్ ట్వైట్ ఫోనులో చెప్పేది ఒకటే:
"హాల్వర్ రాయి దగ్గరికి రాగానే
బండి మొండికేస్తోంది."

నార్త్ డకోటా. జూలై.
లూథరన్ చర్చి వెనక నాలుగెకరాల శ్మశానం,
దాని చుట్టూ పొద్దుతిరుగుడు చేలు,
చేల మీద ఎడతెగని గాలి.
మధ్యలో ఎర్ర మోవరు,
దాని సీటు మీద డెబ్భై ఆరేళ్ల మనిషి,
చెమట మరకల టోపీ.

హాల్వర్ అతనికి చుట్టం కాడు.
పక్క పొలం వాడు.
ఒక కంచె దగ్గరా, ఒక గోధుమ లారీ లెక్క దగ్గరా
ముప్పై ఏళ్లు మాటల్లేకుండా బతికిన ఇద్దరు.
"చచ్చినా పంతం వదల్లేదు చూడు" అంటాడు డెల్మార్,
ఏదో మెచ్చుకుంటున్నట్టు.

ఆగాక మళ్లీ ఎంతసేపటికి అందుకుంటుంది?
"కాఫీ ఫ్లాస్కు సగమయ్యేదాకా."
ఆ సగం ఫ్లాస్కూ ఎక్కడ కూర్చుంటావు?
చెప్పలేదు.
ఆ వరసలో నీడ ఉన్నది ఒక్క చోటే.
హాల్వర్‌ది పెద్ద రాయి.

రేపు అవతలి గేటు నుంచి మొదలుపెట్టమన్నాను.
మర్నాడు బండి
పేరు లేని పసిబిడ్డ దగ్గర ఆగింది,
పందొమ్మిది వందల పంతొమ్మిది, రాతి మీద ఒక గొర్రెపిల్ల.
గడియారం చూశాను:
ఇరవై రెండు నిమిషాలు. నిన్నా అంతే.
చనిపోయినవాళ్లు నిమిషాలు లెక్కపెట్టరు.
కాయిల్ లెక్కపెడుతుంది.

అయినా వరస తప్పకూడదు కదా.
ట్యాంకు మూత వదులు చేశాను,
లోపలికి గాలి అందక గుటకలేస్తోందేమోనని. కాదు.
ఆగమని చెప్పే నల్ల తీగ పీకేశాను,
ఎవరూ అడక్కుండానే ఆగమంటోందేమోనని. కాదు.
అప్పుడు ప్లగ్గు తీగకు టెస్టర్ తగిలించి
ఇంజను కాలిపోతుండగానే తాడు తిప్పినట్టు తిప్పాను.
పొద్దున చల్లగా ఉన్నప్పుడు
నీలంగా, చురుక్కుమని, చీమ కుట్టినట్టుండే నిప్పు
ఇప్పుడు నారింజ రంగు. తర్వాత అదీ లేదు.

గరాజుకి తీసుకెళ్లి చల్లారాక మీటరు పెడితే
కాయిల్ అన్నీ సవ్యమే అంది,
డాక్టరు ఎదుట నొప్పి లేదనే రైతులాగా.
హెయిర్ డ్రయ్యర్ పట్టాను.
అంకె కాసేపు బింకంగా నిలబడింది,
ఉన్నట్టుండి జారిపోయింది.
లోపలెక్కడో వెంట్రుకంత రాగితీగ.
వేడికి సాగి విడిపోతుంది.
చల్లారితే, ఏమీ జరగనట్టు, మళ్లీ కలుస్తుంది.

కొత్తది బిగించడానికి రెండు బోల్టులు చాలు.
కష్టమంతా సందులోనే.
తిరిగే చక్రంలోని అయస్కాంతానికీ దీనికీ మధ్య
విజిటింగ్ కార్డు మందం ఉండాలి.
నా పర్సులో దొరికింది ఒక్కటే కార్డు:
ఎంగర్ అండ్ సన్స్, అంత్యక్రియల ఏర్పాట్లు.
దాన్నే పెట్టి, బిగించి, చక్రం తిప్పి లాగేశాను.
డెల్మార్ వంగి చూశాడు.
"అంతేనా దూరం?"
అంతే. తగిలితే అరిగిపోతుంది,
ఇంకాస్త జరిగితే నిప్పు పుట్టదు.
అతను చాలాసేపు వంగే ఉన్నాడు.
నడుం పట్టేసిందేమో అనుకున్నాను.

ఆగస్టులో మళ్లీ ఫోను.
"అది ఆగట్లేదు" అన్నాడు.
మంచిదే కదా.
"నాలుగెకరాలూ ఒక్క ఊపున అయిపోతున్నాయి."
మంచిదే కదా, డెల్మార్.
గాలి చప్పుడు వినిపించింది కాసేపు.
"ఆ పాతది పారేశావా?"

బెంచీ కింద బకెట్ ఉంది.
అందులో ముప్పై దాకా చచ్చిన కాయిల్స్, అన్నీ నల్లవే,
అన్నిటికీ అవే తుప్పు మీసాలు.
శనివారం వచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని.
నేను బకెట్‌లో చెయ్యి పెట్టి, కాస్త వెతికినట్టు వెతికి,
ఒకటి తీసి గుడ్డతో తుడిచి ఇచ్చాను.
చొక్కా జేబులో వేసుకున్నాడు, బరువుకి జేబు వేలాడింది.

అది అతనిదో కాదో
నాకూ తెలీదు.