పసుపు క్లిప్పు

హొసకోటె దాటాక, నీళ్లు మరిచిపోయిన చెరువు నేల.
ఆదివారం, ఆరున్నర.
మునిరాజు రాగిచేను గట్టు మీద ఒక పాత పరీక్ష అట్ట,
అంచుకి నాలుగు బట్టల క్లిప్పులు:
ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు.
రంగుకో చానెల్.
క్లిప్పు ఎవరి చొక్కాకి ఉంటే
ఆ గాలి వాళ్లది, నాలుగు నిమిషాలు.

అప్పుడు నాకిదేం తెలీదు.
ఎస్పీ రోడ్డులో ఆరు రోజులూ
ఎవరెవరి బోర్డులకో టంకం పెట్టే చేతులు.
సొంతంగా ఒకటి ఎగరేయాలన్న తొందర.
సంచి విప్పాను, రెక్కలు బిగించాను,
బ్యాటరీ తీగ కలిపాను.
మూడు కూతలు కూసింది.

పదడుగుల అవతల, మడత కుర్చీలో,
కళ్లకి గాగుల్స్ పెట్టె కట్టుకున్న పెద్దాయన
అరవలేదు.
"ఎవురివో చెప్పులు కనపడతాండాయే" అన్నాడు.

అవి నావి.
ఎడమదానికి పిన్నీసు గుచ్చినవి.
అర కిలోమీటరు దూరాన, నీలగిరి చెట్ల నెత్తిన
గంటకి తొంభైలో పోతున్న మనిషి కళ్లలోకి
నా కాళ్లు చెప్పులతో సహా వెళ్లి నిలబడ్డాయి.

తీగ పీకేలోపే
చెట్ల వెనక చిన్న చప్పుడు.
ఎండుకొమ్మ విరిగినట్టే ఉంది,
కాకపోతే కొంచెం ఖరీదుగా.

ఇద్దరం సాళ్ల మధ్య వెతుక్కుంటూ నడిచాం.
ఎక్కడో మట్టిలో దాని బజర్, కోడిపిల్లలా.
పెంచలయ్య గారు గుంతకల్లు వైపు
స్టేషన్ మాస్టరుగా చేసి దిగిపోయినాయన.
తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.
"సింగిల్ లైను మింద ముప్పయ్యేండ్లు బండ్లు నడిపినా నాయనా.
ఇనప గుండు చేతికిస్తే గాని డ్రైవరు కదిలేవోడు కాదు.
ఈడ పట్టాలు కనపడవు. అంతే తేడా.
కరెంటు ఇచ్చే ముందర అడగల్ల."

నాది పాతిక మిల్లీవాట్లు. చీమ దగ్గంత.
పక్కనే ఉంది కాబట్టి గెలిచింది.
చెవి దగ్గరి గుసగుస
దూరపు కేకని మింగేస్తుంది,
తప్పు దానిదని దానికి తెలియను కూడా తెలియదు.

మధ్యాహ్నం కొట్లో ఆయన మోటారుకి కొత్త తీగలు అతికాను.
డబ్బులొద్దన్నాను.
నూట ఎనభై లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు,
రసీదు కూడా అడిగాడు.

ఆ తర్వాత అడగడం నేర్చుకున్నాను.
"పసుపు ఖాళీ ఇదెయా?" అని గట్టు మీంచి కేకేసి
జవాబు వచ్చేదాకా
బ్యాటరీ ఒక చేతిలో, తీగ ఒక చేతిలో.
ఆ రెండు చేతుల మధ్య జానెడు ఎడం
నా జీవితంలో నేను పాటించిన మొదటి మర్యాద.

అయినా ఒక ఆదివారం మరిచాను.
ఎగరేసి, దించి, సర్దుకుని బస్సెక్కాను.
మేడహళ్లి దగ్గర కండక్టరు టిక్కెట్టు చింపుతూ
నా కాలరు చూశాడు.
"ఏన్ సార్, నిమ్మన్న యారు ఒణగ హాకిద్రు?"
ఎవరారేశారు నిన్ను అని బస్సంతా నవ్వు.

నేను నవ్వలేదు.
ఆకాశంలో పావు వంతు నా మెడకి వేలాడుతోంది.

దిగి, రోడ్డు దాటి, ఎదురు బస్సు పట్టుకుని,
చివరి ఫర్లాంగు పరుగెత్తి వెళ్లేసరికి
అట్ట పక్కన ఫిర్దౌస్ కూర్చునుంది.
ఆమెది పసుపే.
పసుపు మీద ఎవరూ లేరని ఆమెకీ తెలుసు,
నేను వెళ్లడం ఆమే చూసింది.
ఒళ్లో డ్రోను, చేతిలో బ్యాటరీ,
తీగ విడిగానే ఉంది.

"నలభై నిమిషాలు" అంది, చెయ్యి చాపి.

పైన గద్ద ఒకటి తిరుగుతోంది,
ఎవర్నీ అడక్కుండా.